ఇన్‌హేలర్ పిల్లల బ్యాగులోనా, ఆఫీసు బీరువాలోనా: ఏది మేలు?

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్‌ని ఆఫీసులో ఇచ్చేయమనే బడులు చాలానే ఉన్నాయి. పిల్లలు పోగొట్టుకుంటారని, తోటివాళ్లు లాక్కుని ఆడుకుంటారని, ఊరికే పీలుస్తారని వాళ్ల భయం. ఆ భయం ఉత్తిది కాదు. అయినా కాస్త పెద్ద పిల్లల విషయంలో నా ఓటు బ్యాగుకే. జేబులో పట్టేదైతే ఇంకా మంచిది.

బీరువాలో మందు భద్రంగానే ఉంటుంది. పిల్లాడికి చేరడమే కష్టం. గ్రౌండులో పరిగెత్తుతుండగా ఛాతీ పట్టేసిందనుకోండి. పీఈటీ సార్‌కి చెప్పాలి, ఆయన ఎవరినో ఆఫీసుకు పంపాలి, తాళంచెవి ఉన్న అటెండర్ దొరకాలి. ఆయాసం ముదిరితే పిల్లలు ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేరు. అలాంటప్పుడు పర్మిషన్ ఎలా అడుగుతారు? ఈ ఇన్‌హేలర్‌లో సాధారణంగా ఉండే మందు సాల్బుటమాల్, పీల్చిన కొద్ది నిమిషాల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ నిమిషాలు తాళంచెవి వెతకడంలో పోకూడదు.

కెనడాలోని ఒంటారియోలో 2012లో ర్యాన్ గిబ్బన్స్ అనే 12 ఏళ్ల బాబు బడిలో వచ్చిన ఆయాసంతో చనిపోయాడు. అతని ఇన్‌హేలర్ ప్రిన్సిపాల్ ఆఫీసులో తాళం వేసి ఉంది. వాళ్లమ్మ పట్టు వదలకుండా పోరాడితే 2015లో అతని పేరు మీదే చట్టం వచ్చింది. తల్లిదండ్రులు ఒప్పుకుంటే పిల్లలు మందు వెంట ఉంచుకోవడానికి ప్రిన్సిపాల్ అనుమతించి తీరాలి.

బ్యాగులో ఉంటే వచ్చే చిక్కులూ చూద్దాం. వేరే పిల్లాడు సరదాకి ఒకసారి నొక్కి పీలిస్తే కాసేపు గుండె దడ, చేతుల వణుకు రావచ్చు. మామూలుగా అంతకు మించి ఏమీ కాదు. ఎండలో ఆగిన బస్సులో బ్యాగు వదిలేయడం మాత్రం మంచిది కాదు, అది ఒత్తిడితో నింపిన డబ్బా. నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. స్నేహితులు నవ్వుతారని, ‘అలవాటైపోతుందట’ అని ఎవరో అన్నారని పిల్లలు మందు దగ్గరున్నా తీయరు. ఇన్‌హేలర్ వ్యసనం కాదని క్లాసులో అందరి ముందూ టీచర్ ఒక్కసారి చెబితే పిల్లలకు ఎంతో ధైర్యం.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు మాత్రం బ్యాగు ఒక్కటే సరిపోదు. వాళ్లు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంలాంటి డబ్బాతో) పీల్చాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. మందు క్లాస్ టీచర్ దగ్గర, తాళం లేని చోట ఉండాలి. ఎప్పటినుంచి సొంతంగా ఇవ్వాలన్నది వయసుని బట్టి కాకుండా చేతనైనదాన్ని బట్టి తేల్చాలి. ఇంట్లో మీ ఎదురుగా చేయించి చూడండి: బాగా ఊపి, ఊపిరంతా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, పది సెకన్లు బిగబట్టగలగాలి. వాడిన ప్రతిసారీ టీచర్‌కి చెప్పడం కూడా అలవాటు కావాలి. పొద్దున, రాత్రి రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సంగతి వేరు, అది ఇంట్లోనే ఉండొచ్చు.

హాస్టల్ పిల్లల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. ఉబ్బసం రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. సిక్ రూమ్‌కి తాళం పడే వేళ అదే. ఇన్‌హేలర్ ట్రంకుపెట్టెలో కాదు, తలగడ పక్కన ఉండాలి.

మన దగ్గర షుగర్ ఉన్న పిల్లల విషయంలో ఈ దిశగా ఒక అడుగు పడింది. టైప్ 1 డయాబెటిస్ పిల్లల్ని బడిలోనే షుగర్ చూసుకోనివ్వాలని, డాక్టర్ చెప్పినట్టు ఇన్సులిన్ తీసుకోనివ్వాలని జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఉబ్బసం పిల్లలకూ అంత స్పష్టంగా ఎవరైనా చెప్పాలి.

వీలైతే రెండు కొనండి: ఒకటి పిల్లల దగ్గర, ఒకటి బడిలో. ఇంగ్లండ్‌లో 2014 నుంచి బడులే అత్యవసరానికి ఒక ఇన్‌హేలర్ కొని పెట్టుకోవచ్చు. డాక్టర్ చేత ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు ఆగాలి అన్నది ఒక కాగితం మీద రాయించి, రెండింటి వెంటా పెట్టండి. పీల్చినా తగ్గకపోతే, పెదాలు నీలంగా మారితే మీ ఫోన్ కోసం ఎదురుచూడకుండా 108కి కాల్ చేయమని అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. కొత్త టీచర్ వచ్చినప్పుడల్లా ఆ కాగితం ఆవిడకూ చూపించాలి.