ఫ్రీజర్ బాక్స్ అద్దె సర్వీసు: రాత్రి కడచూపు దాకా నిలిచిందా?

సికింద్రాబాద్ వైపు ఇళ్లకు, పోయినవాళ్లను కడచూపు దాకా ఉంచే ఫ్రీజర్ బాక్స్ తెచ్చి పెట్టే ఒక సర్వీసు గురించి ఇది. అమెరికా నుంచి కొడుకో కూతురో అర్ధరాత్రి శంషాబాద్‌లో దిగి ఇంటికొచ్చేసరికి ఆ ముఖం ముఖంలాగే ఉండాలి. ఆ ఒక్క పనీ వీళ్ల పెట్టె బాగా చేసింది.

పేరుకే ఫ్రీజర్, గడ్డకట్టించదు. 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ఉంచుతుంది, అంతే. ఒక రాత్రికి, మర్నాటి మధ్యాహ్నానికి సరిపోతుంది. ఇంకా ఆగాలంటే ఆసుపత్రి మార్చురీయే నయం.

ఖాళీ పెట్టెను అరగంట నడిపి, లోపల చల్లబడ్డాకే పడుకోబెట్టారు. తల దక్షిణానికి తిప్పమంటే విసుక్కోకుండా తిప్పి, కంప్రెసర్ జాలీకీ గోడకీ మధ్య జానెడు జాగా వదిలారు. అక్కడి వేడిగాలి బయటికి పోకపోతే ఎండాకాలం షామియానా కింద ఎంత నడిపినా చల్లబడదు. పెట్టె దాదాపు 7 అడుగులు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. సెల్లార్‌లోనే చోటు చూసుకోండి.

లోపం వైరుతో వచ్చింది. సన్న ఎక్స్‌టెన్షన్ తెచ్చారు, కాసేపటికే ప్లగ్ చెయ్యి కాలేంత వేడెక్కింది. 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు, 16 యాంప్స్ ప్లగ్ కావాలని ఫోన్‌లోనే చెప్పండి. స్టెబిలైజర్ కూడా అడిగితేగానీ ఇవ్వలేదు. కరెంటు పోయి వస్తే 5 నిమిషాలు ఆగి స్విచ్ వేయాలి. లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకోకముందే వేస్తే మోటారు తిరగలేక ట్రిప్ అవుతుంది.

రెండో లోపం మూత. ఒంటి పొర అక్రిలిక్ కావడంతో వాన తేమకు పైన చెమ్మ పట్టి, తెల్లవారుజామున ముఖం మసకగా కనబడింది. రెండు పొరల మూత ఉంటే అదే తెమ్మనండి. లేకపోతే బయటి నుంచి పొడి నూలుగుడ్డతో తుడుస్తూ ఉండాలి. వచ్చినవాళ్లందరికీ మూత తెరిస్తే తేమగాలి చొరబడి బట్టల మీద నీళ్లు చేరతాయి. దూరం నుంచి వచ్చిన బిడ్డలకు మాత్రం తెరవండి, చెంప తాకనివ్వండి. రెండు నిమిషాలకు ఏమీ కాదు. దీపం, అగరొత్తులు మూతకు రెండడుగుల ఎడంగా పెట్టాలి, అక్రిలిక్ వేడికి వంగుతుంది.

పెట్టె వచ్చేలోపు చేయాల్సినవి వీళ్లు చెప్పరు. కళ్లు మూసి, దవడ కింది నుంచి నడినెత్తి మీదికి గుడ్డ కట్టి, కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టాలి. రెండు మూడు గంటల్లో శరీరం బిగుసుకోవడం మొదలవుతుంది, నోరు తెరిచి ఉంటే అలాగే ఉండిపోతుంది. నేత్రదానం చేయాలనుకుంటే 6 గంటల్లోపే కళ్లు తీసుకోవాలి, కాబట్టి వెంటనే ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి. బంజారాహిల్స్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఒకటుంది. వాళ్లు వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది వేయండి. వాళ్లు కళ్లు తీసుకున్నాక కూడా చూసేవాళ్లకు ముఖంలో తేడా తెలియదు. పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందే డాక్టరు చేత తీయించాలి, వేడికి పేలుతుంది.

అద్దె 12 గంటలకా 24 గంటలకా, మోసే మనుషుల కూలి అందులోనేనా అన్నది మాత్రం ఇంటివాళ్లు కాకుండా పక్కింటివాళ్లెవరైనా మాట్లాడి పెడితే మంచిది.