జిప్సీ ఇంజిన్ బ్లాక్: బోర్ పెంచాలా, స్లీవ్ వెయ్యాలా, అసలు డబ్బు ఎక్కడ పెట్టాలి?

పాత మారుతి జిప్సీ కొని, ఇంజిన్ దించి, "ఎలాగూ విప్పాం కదా, పవర్ కూడా కాస్త పెంచుదాం" అనుకునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. రాణిగంజ్‌లో పిస్టన్లు, బేరింగులు దొరుకుతాయి. బాలానగర్, ఆటోనగర్ వైపు వెళ్తే బోరింగ్, గ్రైండింగ్ చేసే షాపులకు కొదవ లేదు. ఎటొచ్చీ దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర్లేదు అన్న దగ్గరే అందరూ తికమకపడతారు. నా మాట ముందే చెప్పేస్తాను. సీసీ కోసం పెట్టే డబ్బు దండగ. కొలతలకీ, హోనింగ్‌కీ (సిలిండర్ గోడని రాళ్లతో సన్నగా రుద్దడం), బ్యాలెన్సింగ్‌కీ (కదిలే భాగాల బరువులు సమం చేయడం) పెట్టే డబ్బు దండగ కాదు.

ఒక్కసారి లెక్క చూడండి. జిప్సీలోని 1.3 లీటర్ల జి13 ఇంజిన్ బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ. నాలుగు సిలిండర్లకు కలిపి 1298 సీసీ. 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తే బోర్ 74.5 అవుతుంది, సీసీ 1316కి చేరుతుంది. పెరిగింది 18 సీసీ, అంటే ఒకటిన్నర శాతం కూడా లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. చెన్నైతో పోలిస్తే ఈ ఎత్తు వల్లే మన గాలి 5 శాతం దాకా పల్చన. మన ఊళ్లో బండి నడుపుతున్నందుకు పోయే పవరే, ఆ 18 సీసీ తెచ్చే దానికి మూడు రెట్ల పైన ఉంటుంది. అందుకే బోర్ పెంచడాన్ని అప్‌గ్రేడ్ ఖాతాలో రాసుకోకండి. అరిగిన సిలిండర్‌ని మళ్లీ గుండ్రంగా, నిటారుగా చేసే రిపేర్ అది. ఆ రిపేర్ మీ బ్లాక్‌కి అవసరమా అన్నది ముందు తేలాలి.

అది తేల్చేది బోర్ గేజ్ ఒక్కటే. వేలుపెట్టి తడిమి "గీతల్లేవు అన్నా, రింగులు మార్చేస్తే చాలు" అంటే ఒప్పుకోవద్దు. ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా రెండు దిక్కుల్లో కొలవాలి. నాలుగు సిలిండర్లకు 24 అంకెలు వస్తాయి. వాటిని కాగితం మీద రాయించుకోండి. అరుగుదల ఎక్కువగా కనిపించేది పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట, అదీ పిస్టన్ పక్కకి ఒత్తే దిక్కులో. పైకీ కిందకీ, అటుకీ ఇటుకీ తేడా 0.05 మి.మీ. లోపల ఉంటే హోనింగ్, కొత్త రింగులతో సరిపెట్టుకోవచ్చు. అన్నిటికన్నా చవక దారి ఇదే. తేడా అది దాటితే నేనైతే రీబోర్‌కే (సిలిండర్‌ని కోసి కాస్త పెద్దది చేయడానికే) వెళ్తాను. అప్పుడు కూడా 0.25లో శుభ్రపడేదాన్ని 0.50కి తీసుకెళ్లనివ్వను. ఇది అల్యూమినియం బ్లాక్, లోపల ఇనుప లైనర్ (సిలిండర్ గోడగా ఉండే గొట్టం). తీసేసిన ఇనుము తిరిగి రాదు, ఇంకోసారి రిపేర్‌కి చోటు మిగలాలి.

రీబోర్‌కి వెళ్లేవాళ్లు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. పిస్టన్లు చేతికి రాకముందు బ్లాక్ మీద కట్టర్ పడకూడదు. షాపులో ఉస్తాద్ అలవాటుగా "రెండు థౌ గ్యాప్ ఇచ్చేస్తా అన్నా, టైట్ పట్టదు" అంటాడు. గ్యాప్ అంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య ఖాళీ. రెండు థౌ (అంగుళంలో వెయ్యోవంతులు రెండు) అంటే 0.05 మి.మీ. కంపెనీ రకం కాస్ట్ (పోత పోసిన) పిస్టన్‌కి ఈ ఇంజిన్‌లో ఉండాల్సింది 0.02 నుంచి 0.04. ఇంజిన్ జామ్ అయితే మాట తనకొస్తుందన్న భయంతో ఆయన వదులుగా వదులుతాడు. ఆ వదులు వల్ల పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటక మోత మీకు మిగులుతుంది, ఆయిల్ తాగడం కూడా త్వరగా మొదలవుతుంది. పిస్టన్ స్కర్ట్‌ని (కింది భాగాన్ని) మైక్రోమీటర్‌తో కొలిచి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో నంబర్ వేసి, దాని ప్రకారమే హోనింగ్ చేయమనండి. అదనంగా ఓ గంట పని. ఆ గంటకి డబ్బు అడిగితే బేరం ఆడకుండా ఇవ్వండి.

ఇక టార్క్ ప్లేట్. నన్నడిగితే మొత్తం బిల్లులో దీన్ని మించిన అప్‌గ్రేడ్ లేదు. హెడ్ (సిలిండర్ల మీద ఉండే మూత) బోల్టులు బిగించగానే బ్లాక్ పైభాగం నొక్కుకుపోయి సిలిండర్ ఆకారం కాస్త మారుతుంది. అల్యూమినియం బ్లాక్‌లో ఈ తేడాని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. హెడ్ లేకుండా గుండ్రంగా హోన్ చేసిన బోర్, హెడ్ ఎక్కాక గుండ్రంగా ఉండదు. రింగు గోడకి పూర్తిగా ఆనదు, కంప్రెషన్ కిందికి జారుతుంది. హెడ్ స్థానంలో మందపాటి ఉక్కు ప్లేట్‌ని గాస్కెట్‌తో సహా అవే బోల్టులతో, అదే టార్క్‌తో బిగించి హోన్ చేస్తే ఈ గొడవ ఉండదు. చాలా షాపుల్లో జి13కి సరిపోయే ప్లేట్ ఉండదు. బాలానగర్‌లో రెండంగుళాల ప్లేట్ కోయించి, రంధ్రాలు వేయించి, గ్రైండింగ్ చేయించుకోవచ్చు. ఒక్కరికే అయితే ఖర్చు బరువే. అదే ఇంజిన్ ఉన్న ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి ఒకటి చేయించుకుంటే, ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో మలిచిన) పిస్టన్ సెట్ ధరలో చిన్న వాటాకే అందరి బ్లాకులూ బాగుపడతాయి.

కాస్ట్ పిస్టన్లా, ఫోర్జ్‌డ్ పిస్టన్లా? టర్బో లేకుండా, స్టాక్ రెడ్‌లైన్ (కంపెనీ పెట్టిన గరిష్ఠ ఆర్‌పీఎం) దాటకుండా నడిపేవాళ్లకి మంచి కాస్ట్ పిస్టన్లే మేలు. ఫోర్జ్‌డ్ పిస్టన్ గట్టిదే, కానీ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. సిలికాన్ దాదాపు లేని 2618 అనే అల్యూమినియం మిశ్రమమైతే మరీను. అందుకే దానికి గ్యాప్ ఎక్కువ ఇవ్వాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్లే బండికి ఆ గ్యాప్ నష్టమే. రోజూ నడిపే బండికి కూడా ఫోర్జ్‌డ్ కావాల్సిందే అనుకుంటే, సుమారు 12 శాతం సిలికాన్ ఉన్న 4032 రకం చూడండి. టర్బో పెట్టే ఆలోచన గట్టిగా ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఫోర్జ్‌డ్ పిస్టన్లు, హెడ్ స్టడ్లు (హెడ్ బోల్టుల బదులు వేసే మరలున్న కడ్డీలు) రెండూ కావాలి. ఆ ఆలోచన లేనివాళ్లకి స్టడ్లు అక్కర్లేదు, కొత్త హెడ్ బోల్టులు చాలు.

ర్యాలీకో, ట్రాక్‌కో వెళ్తూ ఆర్‌పీఎం పెంచాలనుకునేవాళ్లు మాత్రం బ్యాలెన్సింగ్ దగ్గర పొదుపు చేయకూడదు. పిస్టన్, కనెక్టింగ్ రాడ్‌ల జడత్వ బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6000 నుంచి 7500కి వెళ్తే వేగం పెరిగేది పాతిక శాతం, బలం పెరిగేది 56 శాతం. ఆ అదనపు భారం మొదట పడేది రాడ్ బోల్టుల మీద. కొత్త రాడ్ బోల్టులు వేసి, బిగ్ ఎండ్ (రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చివర) సైజు సరిచేయించి, పిస్టన్లూ రాడ్లూ ఒక గ్రాము తేడా లోపలికి తెచ్చి, క్రాంక్‌ని ఫ్లైవీల్, క్లచ్ కవర్‌తో కలిపి డైనమిక్ బ్యాలెన్స్ చేయించండి. 0.50 బోర్‌కీ ఈ పనికీ మధ్య ఒకటే ఎంచుకోమంటే నేను రెండో మాట లేకుండా దీన్నే ఎంచుకుంటాను.

డెక్ సర్ఫేసింగ్ (బ్లాక్ పైతలాన్ని కోయడం) చదును చేయడానికి కావాల్సినంతే. 0.2 మి.మీ. తీస్తే ఒక్కో సిలిండర్‌లో 0.86 సీసీ చోటు తగ్గి కంప్రెషన్ కాస్త పెరుగుతుంది. మన మే నెల ఎండలో నాకింగ్‌ని (ఇంధనం అదుపు లేకుండా పేలడాన్ని) ఎదుర్కోవాల్సింది ఆ ఇంజినే కాబట్టి దాని కోసం పనిగట్టుకుని తీయించొద్దు. లైన్ బోరింగ్ (క్రాంక్ కూర్చునే రంధ్రాలని ఒకే వరుసలోకి తేవడం) ఓవర్‌హీట్ అయి క్రాంక్ పట్టేసిన బ్లాకులకే, మిగతావాటికి చెకింగ్ చాలు.

బ్లాక్ ఇంటికొచ్చాక కడిగే పని మీరే పెట్టుకోండి. డీజిల్ పోసి, గాలి కొట్టి ఇచ్చేస్తే హోనింగ్ రాళ్ల పొడి ఆ సన్నని గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది, తెల్ల గుడ్డకి బూడిదరంగు అంటడం ఆగేదాకా తుడిచి, వెంటనే ఆయిల్ పూయాలి. పైసా ఖర్చు లేని ఈ పని మానేస్తే కొత్త రింగులు త్వరగా అరిగిపోతాయి.

స్లీవ్ వేయించడం అన్నిట్లోకీ ఖరీదైన దారి. పాత లైనర్ కోసి, కొత్తది బిగుతుగా దించి, డెక్ మళ్లీ కోసి, బోర్ చేసి హోన్ చేయాలి. ఒక్క సిలిండరే గీసుకుపోయి మిగతా మూడూ బాగుంటే ఆ ఒక్కదానికే స్లీవ్ వేయించడం తెలివైన పని. నాలుగూ ఓవర్‌సైజ్ హద్దు దాటిపోయి ఉంటే నాలుగు స్లీవ్‌ల ఖర్చుని మంచి సెకండ్ హ్యాండ్ బ్లాక్ ధరతో పోల్చి చూడండి. చాలాసార్లు బ్లాకే చవగ్గా పడుతుంది. అయితే ఇంజిన్ నంబర్ ఉండేది బ్లాక్ మీదే. అది మారితే ఆర్టీవోలో అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి, పాత బండి తాలూకు బిల్లూ కాగితాలూ చూపించాలి. కాగితాలు ఇవ్వలేనివాడి దగ్గర బ్లాక్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి, స్లీవ్‌లే వేయించుకోండి.