సెడాన్ ఇచ్చేసి ఇన్నోవా హైక్రాస్ తీసుకున్నాం: బరంపురం నుంచి

150 పీఎస్ (ఇంజిన్ పవర్ కొలత) టర్బో పెట్రోల్ సెడాన్‌ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చి ఇన్నోవా హైక్రాస్ జెడ్‌ఎక్స్ హైబ్రిడ్ తీసుకున్నాం. కారణం మా అమ్మ మోకాళ్లు. సెడాన్‌లోంచి లేవాలంటే ఆవిడకి ఒకరు చెయ్యి అందించాల్సిందే. ఇందులో సీటు ఎత్తుగా ఉంటుంది, పక్కకి తిరిగి కూర్చుంటే సరిపోతుంది. మధ్య వరుసలో కాళ్లు చాపుకునే ఒట్టోమన్ ఉంది. ఇచ్ఛాపురం దాటకముందే అమ్మ నిద్రపోతుంది, మళ్లీ శ్రీకాకుళంలో అక్కావాళ్లింటి దగ్గరే లేవడం. నాకు అంతకంటే ఏం కావాలి!

ఇన్నోవా క్రిస్టాకి ఉన్నట్టు దీనికి లాడర్ ఫ్రేమ్ (బాడీ కింద ఉండే విడి చట్రం) లేదు, డీజిల్ ఇంజిన్ కూడా లేదు. పవర్ ముందు చక్రాలకే. 2.0 లీటర్ పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు కలిపి 186 పీఎస్. గిరి రోడ్డు ట్రాఫిక్‌లో చాలాసార్లు మోటారు మీదే చప్పుడు లేకుండా కదులుతుంది.

తప్తపాణి ఘాటీలో మాత్రం సెడాన్ గుర్తొస్తుంది. అది మలుపుల్లో రోడ్డుకి అతుక్కుని వెళ్లేది, ఆ సరదా వేరు. ఇక్కడ ఉన్నది ఈ-సీవీటీ, అంటే మెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్, గేర్లు మారిన ఊపు ఉండదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లనే తీసుకెళ్లండి. ఎక్కించి, దింపి చూశాకే బుక్ చేయండి.