రాజమండ్రిలో పాత కెమెరా లెన్స్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

నిన్న సాయంత్రమే షాపు నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

షాపు పేరు రాయను. మన జిల్లాల్లో పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి చెప్పక్కర్లేదు, సెకండ్ హ్యాండ్ అనగానే అందరం పరిగెత్తేది అక్కడికే. నార్వే వెళ్ళి నార్తర్న్ లైట్స్, అంటే అక్కడ రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగులు, తీయాలని చీటీ పాడాను. ఆకాశం చాలా భాగం ఒకేసారి పట్టే 14 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్స్ 22,000కి కొన్నాను. దిండి కొబ్బరితోటలో పట్టపగలు ఎఫ్ 8లో, అంటే అపర్చర్ (కాంతి లోపలికొచ్చే రంధ్రం) బాగా చిన్నది చేసి, నాలుగు ఫోటోలు తీసి బాగుందనుకున్నాను.

నార్వేలో ట్రోమ్సో ఊళ్ళో రెండు రాత్రులు మబ్బే. మూడో రాత్రి క్వాలోయా ద్వీపం వైపు వెళ్తే ఆకాశం తేటపడింది. ఆకుపచ్చ తెరలు నడినెత్తి దాకా వచ్చి, అంచులు గులాబీ రంగుకి తిరిగి, మనవాళ్ళు గోదాట్లో విసిరిన వలలా ఒక్కసారి విచ్చుకున్నాయి. కెమెరా సెట్టింగు ఐఎస్ఓ 3200, 5 సెకన్లు, ఎఫ్ 2.8, అంటే అపర్చర్ పూర్తిగా తెరిచి. మధ్యలో ఉన్న నక్షత్రాన్ని జూమ్ చేసి ఫోకస్ చూసుకున్నాను, సూదిమొనలా ఉంది. చలికి గ్లౌజులు తీయలేక మూలలు చూడలేదు. అది నా తప్పే.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ప్రతి ఫోటోలో కుడివైపు నక్షత్రాలకి తోకలు, కాంతి అంతా అలుక్కుపోయింది. 400 ఫోటోలు. గోడకి పెట్టుకోడానికి ఒక్కటి లేదు. లోపలి గాజు పక్కకి ఒరిగితే ఇలాగే ఉంటుంది. ఎఫ్ 8లో ఆ లోపం చాలావరకు కనపడదు, పూర్తిగా తెరిస్తేనే బయటపడుతుంది.

లెన్స్ పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఓనరు చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఆయ్, అది కిందపడిన ముక్కేనండి. మా కుర్రాడే విప్పి బిగించాడు. మీరు అడగలేదు కదండీ" అన్నాడు. నేను దాన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నానో ఆయనకి తెలుసు. కొన్నరోజు టీ తెప్పించి, ఫోటోలు తెచ్చి చూపించమన్న మనిషే. తెలిసే ఇచ్చాడు. "అడగలేదు కదండీ" అన్న మాట రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది. మౌంటు (లెన్స్ కెమెరాకి బిగించే చోటు) దగ్గర స్క్రూల మీద గాట్లు ఆ రోజే నా కంటపడ్డాయి, అడగడానికి మొహమాటపడ్డాను. డబ్బుదేముంది, ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు తీస్తాను. ఆ రాత్రి మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

డబ్బిచ్చేముందు స్క్రూలు చూడండి. ఒక్క రాత్రి డాబా మీద నక్షత్రాలకి పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి నాలుగు మూలలూ చూడండి. కిందపడిందా అని నోరు తెరిచి అడగండి, చెప్పింది బిల్లు మీద రాయించుకోండి. నా దగ్గర బిల్లు కూడా లేదు.