గుజ్జు కర్మాగారాల క్లస్టర్: సొంత సర్వర్లా, క్లౌడా?

తిరుపతిలోని మా చిన్న సంస్థ చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు కర్మాగారాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. తోతాపురి కోతకొచ్చే జూన్, జూలైలలో కర్మాగారాల ముందు ట్రాక్టర్లు రాత్రీపగలూ బారులు తీరతాయి. తక్కిన నెలల్లో మా సర్వర్లకు పెద్దగా పని ఉండదు. కుబర్నెటిస్‌ను (అనేక యంత్రాలపై సాఫ్ట్‌వేర్‌ను నడిపి చూసుకునే వ్యవస్థను) ఎక్కడ నడపాలో నిర్ణయించింది ఈ హెచ్చుతగ్గులే.

మొదట సొంత సర్వర్లపై, కుబ్‌ఏడీఎం అనే సాధనంతో నెలకొల్పిన క్లస్టర్‌ను, అంటే కలిసి పనిచేసే యంత్రాల సమూహాన్ని, కొన్ని సీజన్లు నడిపాం. నెలవారీ ఖర్చు తక్కువే, కానీ మనుషుల సమయం విపరీతంగా పట్టింది. క్లస్టర్ సమాచారమంతా దాచే ఎట్‌సీడీ అనే డేటాబేస్‌కు మూడు యంత్రాలు కావాలి. ఒకటి ఆగినా పని సాగుతుంది, రెండు ఆగితే క్లస్టర్‌లో ఏ మార్పూ చేయలేం. డిస్కు నెమ్మదించినా ఎట్‌సీడీ తడబడుతుంది. కుబర్నెటిస్‌కు ఏటా మూడు కొత్త వెర్షన్లు వస్తాయి, ఒక్కోదానికి మద్దతు దాదాపు 14 నెలలే. వెర్షన్ మార్చకుండా వదిలేస్తే, క్లస్టర్ భాగాలు ఒకదాన్నొకటి గుర్తించే సర్టిఫికెట్ల గడువు ఏడాదికే తీరిపోతుంది. నలుగురైదుగురున్న బృందం దీన్ని నెత్తికెత్తుకోకూడదని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ప్రధాన క్లస్టర్ అమెజాన్ క్లౌడ్‌లోని కుబర్నెటిస్ సేవ ఈకేఎస్‌లో ఉంది. క్లస్టర్‌ను నియంత్రించే భాగమైన కంట్రోల్ ప్లేన్‌కు గంటకు 0.10 డాలర్లు, నెలకు సుమారు 73. అది ఇవ్వడానికి నాకు ఏ సంకోచమూ లేదు. ఎట్‌సీడీ బాధ్యత పూర్తిగా వాళ్లదే. లోడ్లు పెరిగినప్పుడు నోడ్లు (పనిచేసే సర్వర్లు) పెరుగుతాయి, ఆగస్టులో వాటంతటవే తగ్గుతాయి. జాగ్రత్తపడాల్సిన చోట్లూ ఉన్నాయి. పాత వెర్షన్‌లోనే ఉండిపోతే మద్దతు గడువు దాటాక కంట్రోల్ ప్లేన్ ధర గంటకు 0.60 డాలర్లవుతుంది. ప్రతి సర్వీసుకూ విడిగా లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే అభ్యర్థనలను సర్వర్ల మధ్య పంచేది) పెడితే బిల్లు ఊరికే పెరుగుతుంది. అన్నిటికీ కలిపి, అభ్యర్థనలను తగిన సర్వీసుకు చేర్చే ఒక ఇన్‌గ్రెస్ చాలు.

అయినా క్లౌడ్ ఒక్కటే సరిపోదు. కర్మాగారంలో ఇంటర్నెట్ పోయిందని వేబ్రిడ్జి దగ్గర తూకం ఆగితే కాయ మెత్తబడుతుంది, రైతు ఎండలో నిలబడాలి. అది నాకు అసలు సమ్మతం కాదు. అందుకే ప్రతి కర్మాగారంలో ఒక చిన్న కంప్యూటర్‌పై కుబర్నెటిస్‌కు తేలిక రూపమైన కే3ఎస్ పెట్టాం. మొత్తం ఒకే ఫైలు, 100 ఎంబీ కూడా ఉండదు. ఎట్‌సీడీ బదులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో సరిపెట్టుకుంటుంది కాబట్టి ఒక్క యంత్రం చాలు. మా సాఫ్ట్‌వేర్ తూకం చీటీలు అక్కడే ముద్రించి, లైను తిరిగి రాగానే వివరాలు క్లౌడ్‌కు పంపుతుంది. ఈ అమరికలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. లోటు కూడా అక్కడే ఉంది: ఆ ఒక్క యంత్రం చెడితే అంతా ఆగుతుంది. మే నెలాఖరుకల్లా సిద్ధం చేసిన మరో కంప్యూటర్‌ను ప్రతి కర్మాగారంలో ఉంచడం తప్ప దీనికి చవకైన మార్గం నాకు కనిపించలేదు.