చీర పార్సెల్ పోతే డబ్బు ఎక్కడ దక్కుతుంది? స్పీడ్ పోస్ట్, కొరియర్, అగ్రిగేటర్: ఏది మేలు

వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో చీరలు అమ్మేవాళ్లు పదేపదే అడిగేది ఒకటే: "ఏది సేఫ్ అండీ?" పార్సెళ్లు అన్నింట్లోనూ పోతాయి. పోయాక చేతికి ఎంత వస్తుందన్న దగ్గరే తేడా. అది కూడా బుకింగ్ రోజున స్లిప్ మీద ఏం రాశారన్నదాన్ని బట్టే తేలిపోతుంది. లెక్క సులువుగా ఉండటానికి రూ.12,000 గద్వాల చీర, దానికి రూ.100 రవాణా ఖర్చు అనుకుందాం.

ముందు స్పీడ్ పోస్ట్. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ ఇందులోనే కలిసిపోయింది. కొరియర్ బాయ్ మొహం చూడని పల్లెకు కూడా పోస్ట్‌మ్యాన్ వెళ్తాడు, ఈ విషయంలో దీనికి సాటి లేదు. కానీ ఇన్సూరెన్స్ లేకుండా పంపిన పార్సెల్ పోతే వచ్చేది కట్టిన చార్జీకి రెట్టింపు, లేదా రూ.1,000, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. అంటే మన చీరకు రూ.200. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి మిగతాది రాబట్టుకుందాం అనుకుంటే చట్టమే అడ్డం. 1898 నాటి పాత చట్టంలో ఉన్న రక్షణ పోస్టాఫీసు చట్టం 2023లోనూ కొనసాగింది: నిబంధనల్లో చెప్పిన మేరకే తపాలా శాఖకు బాధ్యత. కాబట్టి ఖరీదైన చీర పోస్టులో పంపితే బుకింగ్ అప్పుడే ఇన్సూరెన్స్ అడగాలి. విలువ పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది. కౌంటర్లో లెక్క వేయించుకుని, కొరియర్ వాళ్లు చెప్పే రేటుతో పోల్చాకే డబ్బు కట్టండి.

ఇక నేరుగా కొరియర్ ఆఫీసులో బుక్ చేయడం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. డాకెట్ (బుకింగ్ రసీదు) మీద "ఓనర్స్ రిస్క్" (పోతే నష్టం మీది), "క్యారియర్స్ రిస్క్" (పోతే నష్టం కొరియర్‌ది) అని రెండు గడులు ఉంటాయి. మీరు నోరు విప్పకపోతే కౌంటర్లో ఉన్న అబ్బాయి మొదటిదానికే టిక్ పెడతాడు, విలువ గడి ఖాళీగా వదిలేస్తాడు. అప్పుడు చీర పోతే, డాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసిన పరిమితి వర్తిస్తుందంటారు. అది తరచూ కొన్ని వందలే. "అలాంటి షరతు కోర్టులో నిలవదు" అని ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది. కానీ భారతి నిట్టింగ్ కంపెనీ, కొరియర్ సంస్థ డీహెచ్ఎల్ మధ్య కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం చేసిన పత్రంలోని పరిమితికి పంపినవారు కట్టుబడాల్సిందే అంది. ఆ కేసులో పరిమితి 100 డాలర్లు.

రోడ్డు మీద వెళ్లే సరుకుకు 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం ఉంది, కొరియర్ సంస్థలూ దాని కిందకు వస్తాయి. ఎక్కువ రిస్క్ రేటు (అంటే క్యారియర్స్ రిస్క్ రేటు) కట్టకపోతే బాధ్యత కిరాయికి పది రెట్లు, అదీ స్లిప్ మీద రాసిన విలువ దాటకుండా. మన చీరకు మహా అయితే రూ.1,000. ఆ రేటు కట్టి, విలువ రాయించి, బిల్లు కాపీ జత చేస్తే ఆ పరిమితి పోతుంది. క్యారియర్స్ రిస్క్ రేటు కంపెనీని బట్టి మారుతుంది, సాధారణంగా సరుకు విలువలో కొద్ది శాతం. రెండు శాతం అనుకున్నా మన చీరకు రూ.240. ఆ డబ్బు మిగుల్చుకుందామని విలువ రూ.500 అని రాసేవాళ్లకు క్లెయిమ్‌లో దక్కేది కూడా ఆ రూ.500కి మించదు.

రూ.5,000 దాటిన ఒక్కో చీర పంపేవాళ్లకు నా ఓటు దీనికే: దగ్గర్లోని కొరియర్ ఆఫీసు, క్యారియర్స్ రిస్క్, బిల్లు విలువ, స్టాంపు వేసిన డాకెట్ కాపీ. ఫ్రాంచైజీ వాళ్లు "ఆ ఆప్షన్ మా దగ్గర లేదు" అంటే పక్క వీధిలో ఇంకో ఆఫీసు చూసుకోండి.

అగ్రిగేటర్ యాప్‌లు, అంటే రకరకాల కొరియర్లను ఒకేచోట బుక్ చేసిపెట్టేవి, రేటులో చవక, ఇంటికొచ్చి తీసుకెళ్తారు. చిక్కేంటంటే బుకింగ్ వాళ్ల ఖాతా మీద జరుగుతుంది కాబట్టి కొరియర్ కంపెనీ మీతో మాట్లాడదు. గొడవంతా యాప్‌లో టికెట్ మీదే నడవాలి. పరిహారానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది, దాటాలంటే ఒక్కో పార్సెల్‌కు అదనపు కవర్ కొనాలి. దెబ్బతిన్నట్టు చెప్పే గడువు కూడా చాలా తక్కువ, కొన్నిచోట్ల డెలివరీ నుంచి 24 గంటలే. తిరిగొచ్చిన పార్సెళ్లలో చీర బదులు పాత గుడ్డలు రావడం ఇక్కడ మామూలు ఫిర్యాదు. అందుకే వెనక్కి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ లేబుల్ కనిపించేలా, టేపు కోసే దగ్గర్నుంచి ఒకే వీడియోలో తెరవాలి. పంపేటప్పుడు తూకం మీద పెట్టి తీసిన ఫొటో ఉంటే బరువు తగ్గిందని చూపించొచ్చు. రూ.1,500 లోపు కాటన్ చీరలు రోజూ పంపేవాళ్లకు మాత్రం ఇదే నయం.

పైన చెప్పిందంతా పోయిన పార్సెల్ గురించి. దెబ్బతిన్నదాని దారి వేరు. తడిసిన చీర మీద గానీ, చెయ్యి విరిగిన కొండపల్లి బొమ్మ మీద గానీ క్లెయిమ్ వేస్తే ఎక్కడైనా మొదట వినబడే మాట "ప్యాకింగ్ సరిగా లేదు". చీరకు కవర్ లోపల కవర్, రెండూ వేడితో సీల్ చేసి, బయట గట్టి ఐదు పొరల అట్టపెట్టె. బొమ్మకు విడివిడిగా బబుల్ చుట్టి, పెట్టె ఊపితే లోపల కదలకుండా కాగితం కుక్కాలి. మూత పెట్టక ముందు ఒక ఫొటో, పెట్టాక ఒకటి.

కొనేవాళ్లకూ ఒక మాట ముందే చెప్పి ఉంచండి: పెట్టె తడిగానో నలిగిపోయో ఉంటే ఓటీపీ ఇవ్వకముందే ఫొటో తీయాలి, సంతకం పెట్టే చోట "దెబ్బతిన్న స్థితిలో అందింది" అని రాయాలి. ఓటీపీ చెప్పేశాక అంతా బాగానే అందినట్టు లెక్క. కొరియర్‌తో ఒప్పందం పంపినవాళ్లది కాబట్టి క్లెయిమ్ కూడా వాళ్లే వేయాలి. కొన్నవాళ్లు నిలదీయాల్సింది అమ్మినవాళ్లను. అమ్మినవాళ్లు ఫోనెత్తకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయొచ్చు.

ఆర్టీసీ కార్గో: బస్టాండు నుంచి బస్టాండుకు, తెచ్చుకునే ఓపిక ఉన్న కస్టమర్‌కు బాగుంటుంది. విలువ అక్కడా రాయించాలి. నెలకు వందల పార్సెళ్లు పంపే దుకాణానికి బీమా కంపెనీ ఇచ్చే ట్రాన్సిట్ పాలసీ (దారిలో ఉన్న సరుకుకు బీమా) ఉంది. అది తీసుకున్నా కొరియర్‌కు రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వడం మానకూడదు, లేకపోతే బీమా వాళ్లు అదే సాకుగా చూపిస్తారు.

ట్రాకింగ్ వారం పాటు ఒకే చోట ఆగిపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేస్తూ కూర్చోకండి. డాకెట్ నంబరు, బుకింగ్ తేదీ, విలువ, బిల్లు జతచేసి ఈమెయిల్ పంపండి, అదే ఉత్తరం కొరియర్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులోనూ వేయండి. రోడ్డు రవాణా చట్టం ప్రకారం దావా వేయాలంటే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇచ్చి ఉండాలి. "విచారణలో ఉంది సార్" అనే జవాబులతో ఆ గడువు ఇట్టే కరిగిపోతుంది.