థ్రాటిల్ పొజిషన్ సెన్సర్: స్కానర్‌తో చూడాలా, మల్టీమీటర్‌తోనా?

యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం తటపటాయించి ఆపై ఎగిరి దూకుతుంటే, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) నిలకడగా లేకపోతే, చాలామంది ముందు అనుమానించేది ఈ సెన్సర్‌నే. ఇంజిన్‌లోకి గాలిని వదిలే ప్లేటు, అంటే థ్రాటిల్, ఎంత తెరుచుకుందో బండి కంప్యూటర్‌కి చెప్పేది ఇదే.

బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివే స్కానర్ పెట్టడం తేలిక. పి0122 వస్తే సిగ్నల్ వోల్టేజ్ ఉండాల్సినదానికంటే తక్కువని, పి0123 వస్తే ఎక్కువని అర్థం. అంతేగానీ సెన్సర్ పోయిందని కాదు. తెగిన వైరు, తుప్పు పట్టిన కనెక్టర్ కూడా అవే కోడ్‌లు తెప్పిస్తాయి. కోడ్ చూడగానే సెన్సర్ మార్చేయడం నాకు అస్సలు నచ్చదు.

మల్టీమీటర్‌కి ఓపిక కావాలి, కానీ తప్పు ఎక్కడుందో పట్టిచ్చేది అదే. మూడు వైర్ల పాత రకం సెన్సర్ అయితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, ఒక వైరులో 5 వోల్టులు వస్తున్నాయా, గ్రౌండ్ సరిగ్గా ఉందా అని ముందు చూడాలి. అవి లేకపోతే వైరింగ్ వైపు వెతకాలి. ఉంటే, సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి థ్రాటిల్‌ని మెల్లగా తెరవండి. సుమారు 0.5 వోల్టు నుంచి 4.5 దాకా సాఫీగా పెరగాలి. మధ్యలో రీడింగ్ చటుక్కున పడిపోయి మళ్లీ లేచిందంటే సెన్సర్ లోపలి ట్రాక్ (కదిలే కాంటాక్ట్ రాసుకుంటూ వెళ్లే పట్టీ) అక్కడ అరిగినట్టే. ఎక్కువగా అరిగేది థ్రాటిల్ రోజూ తిరిగే చోటే, అంటే కొద్దిగా తెరుచుకున్న దగ్గర. డిజిటల్ అంకెలు ఆ కుదుపును ఒక్కోసారి మింగేస్తాయి. ముల్లున్న మీటర్ మేలు.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ బదులు మోటార్‌తో తెరుచుకునేది) ఉన్న కార్లలో మాత్రం నా ఓటు స్కానర్‌కే. మామూలుగా వాటిలో రెండు సిగ్నళ్లుంటాయి, స్కానర్ అప్పటికప్పుడు చూపించే లైవ్ డేటాలో పక్కపక్కన పోల్చుకోవచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ ప్లేటును చేత్తో కదపొద్దు, మోటార్ వేళ్లను నొక్కేస్తుంది.